ఒక చెంబు బోరు నీళ్ళు

అక్క పోయిన మర్నాడు పొద్దున నేను పట్టుపురుగుల షెడ్డు తాళం తీశాను. మైలలో ఉన్నవాళ్ళు పురుగుల దగ్గరికి పోకూడదని మా పావగడ తాలూకాలో పురుగులు పెంచే ప్రతి ఇంట్లోనూ అనుకుంటారు. ఆ సంగతి తెలియక తీయలేదు. తెలిసే తీశాను.

లోపల పురుగులు తల ఎత్తి ఉన్నాయి. ఆకలైతే అవి అలాగే ఎత్తుతాయి. అంతకు రెండు రోజుల ముందే, పిల్లపురుగులను పెంచి అమ్మే చాకి కేంద్రం నుంచి వచ్చాయి. రెండు జ్వరాలు దాటిన పిల్లలు. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకోవడాన్ని మేము జ్వరం అంటాం. అలాంటివి నాలుగు దాటితే గూడు కడుతుంది. వాటిని దింపించుకుని, అరల మీద పరిచి, మొదటి మేత వేసింది అక్కే. మర్నాడు మధ్యాహ్నం మల్బరీ తోటలో ఆకు కోస్తూ కూర్చుండిపోయింది. గుండె అన్నారు. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆ హడావుడిలో పురుగులకు ఒకటిన్నర పూట మేత లేదు.

బుట్ట తీసుకుని తోటవైపు నడుస్తుంటే మా చిన్నాయన కొడుకు ఎదురొచ్చాడు. నాకు అన్న వరస. ఇద్దరు ఆడవాళ్ళం ఉన్న ఇంటికి మగదిక్కు తానేనని అనుకునే మనిషి. చెడ్డవాడు కాదు.

"యాడికి మా?"

"ఆకు కొయ్యల్ల."

"మైలలోనా? నీకేమన్నా తెలివుండాదా? పదకొండు దినాలు ఆ పక్కకే పోకూడదు."

"పదకొండు దినాలు పురుగులు తినకుండా ఉంటాయా అన్నా?"

"కూలోళ్ళని పెడదాం."

"పిలిచి చూడు. చావింటికి ఎవరొస్తారో."

ఎవరూ రాలేదు. నేనే కోశాను. షెడ్డు గుమ్మం దగ్గర పళ్ళెంలో బ్లీచింగ్ నీళ్ళుంటాయి. బయటి రోగం లోపలికి రాకుండా అందులో పాదాలు ముంచి అడుగుపెట్టాలి. ముంచాను. చేతులు కడిగాను. అంతకు మించిన శుద్ధి పురుగుకు అక్కరలేదు.

ఆ షెడ్డు గురించి రెండు మాటలు చెప్పాలి. దాని చుట్టూ మూడు వైపులా సోలార్ ప్యానెళ్ళే. మా వాళ్ళంతా భూములు లీజుకిచ్చారు. అన్న కూడా ఇచ్చాడు. వర్షం కోసం ఆకాశం చూసే బతుకు తప్పిందని సంతోషించాడు, అందులో తప్పేమీ లేదు. అక్క మాత్రం తన రెండెకరాలు ఇవ్వలేదు. బోరు కింద మల్బరీ పెట్టి షెడ్డు కట్టింది. సోలార్ పార్కు పెంచుతారని ఈ మధ్య మళ్ళీ మాట నడుస్తోంది. అక్క పోవడంతో ఆ రెండెకరాలు నా చేతికొచ్చాయి. లీజుకివ్వాలంటే సంతకం నాది కావాలి.

నేను పంచాయితీ లైబ్రరీలో పని చేసేదాన్ని. మాది కర్ణాటక గనుక బడిలో కన్నడం చదివాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. కనిపించిందల్లా చదవడం తప్ప చేతిపని పెద్దగా రాదు. సాయంత్రాలు షెడ్డుకు వెళ్ళి అక్కకు ఆకు అందించడం, కొమ్మలు ఎత్తి పారెయ్యడం, అంతే నా సేద్యం. అందుకే ఆ పొద్దున మేత వేశాక గోడ పక్కనున్న స్టీలు తొట్టి ముందు నిలబడి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

ఊళ్ళో దాన్ని పొగ మిషన్ అంటారు. పొగ కాదు. తొట్టి అడుగున పది గుండ్రటి బిళ్ళలుంటాయి. కరెంటు ఇస్తే బిళ్ళ కంటికి కనిపించనంత, చెవికి వినిపించనంత వేగంగా అదురుతుంది. ఆ అదురుకు నీటి పైపొర నలిగి సన్నటి మంచులా లేస్తుంది. ఒక చిన్న ఫ్యాను ఆ మంచును గొట్టంలోకి నెడుతుంది. కప్పు కింద కట్టిన గొట్టానికి బెజ్జాలుంటాయి. వాటిలోంచి మంచు షెడ్డంతా పరుచుకుంటుంది. మా ఎండాకాలంలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, వేసిన ఆకు గంటలో వడలిపోతుంది. వడలిన ఆకు పురుగు ముట్టదు. ఇంతకుముందు గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టేవాళ్ళం. కిందటి వేసవిలో అక్క ఈ మిషన్ తెచ్చింది. ప్యానెళ్ళు వచ్చాక వేడి పెరిగిందని ఊరంతా అంటారు. నిజమో కాదో నేను చెప్పలేను. గోనెపట్టాలు చాలకపోవడం మాత్రం నిజం.

గోడకున్న తేమ మీటరు ముల్లు ఎర్రగీత కింద ఉంది. తొట్టిలో నీళ్ళు అడుగంటాయి. బోరు కొళాయి షెడ్డు పక్కనే ఉంది. గొట్టం లాగి తొట్టి నిండా పట్టి స్విచ్చి వేశాను. మంచు రాలేదు. నీళ్ళ మీద చిన్న చిన్న గుబ్బలు లేచి పడ్డాయి, అంతే. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని మగ్గుతో తోడుతూ పోయాను. బిళ్ళల మీద బొటనవేలి మొదటి గణుపంత లోతు మిగిలినప్పుడు మంచు ఒక్కసారిగా లేచింది. లోతు సరిగా కొలుద్దామని స్విచ్చి ఆపకుండానే వేలు పెట్టాను. సూది గుచ్చినట్టయింది. చల్లటి నీళ్ళలో వేలు కాలడం అదే మొదటిసారి. అప్పటినుంచి స్విచ్చి ఆపిన తరువాతే చెయ్యి పెట్టాను.

ముల్లు ఎర్రగీత దాటి పైకి వచ్చింది. ఆకు వడలలేదు. మూడు రోజులు అలాగే నడిచింది. ఇంటికి పలకరింపుకు వచ్చినవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించుకునేవాళ్ళు. ఒకామె తగ్గించుకోలేదు.

"అక్క కొరివి ఆరకముందే దీనికి పురుగులెక్కువైపోయినాయి సూడు."

నేను మేత వేళయితే లేచి వెళ్ళాను.

నాలుగో రోజు పురుగులు మూడో జ్వరానికి పడుకున్నాయి. ఆ సమయంలో షెడ్డు పొడిగా ఉండాలని అక్క చెప్పగా విన్నాను. మిషన్ ఆపాను. ఐదో రోజు లేచాయి. మళ్ళీ మేత వేసి, మిషన్ వేసి ఇంటికి పోయాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గుమ్మంలో అన్నా, వదినా ఉన్నారు. వదిన గడపకు నిమ్మకాయా మిరపకాయలూ కడుతోంది. మైల దిష్టికి విరుగుడట. అన్న లోపలికి తొంగిచూస్తున్నాడు.

"లోపలికి రాలేదు మా, ఈడి నుంచే కనపడతాండాది. చూడు, తెల్లగా. అంతా తెల్లగా."

నిజమే. ఆకుల మీద తెల్లటి పొడి. పురుగుల వీపుల మీద కూడా.

"సున్నకట్టు," అన్నాడు అన్న.

సున్నకట్టు అంటే పురుగు గట్టిపడి, సున్నం పూసినట్టు తెల్లబడి చచ్చే రోగం. ఒక షెడ్డులో వస్తే చుట్టుపక్కల షెడ్లకు పోతుంది. వచ్చిందంటే పంటంతా తీసి కాల్చేయడమే.

"నేను చెప్పలా? మైల అంటుకున్నాది. ఇప్పుడే తీసి కాల్చల్ల. రేపటికి మంగళవాడ దాకా పోతాది ఇది."

"పురుగులు తింటున్నాయి కదన్నా."

"ఈ పొద్దు తింటాయి."

"రేపు కూడా తింటే?"

"ఏంది మా నీ మొండితనం! అక్కే ఉంటే ఈపాటికి కాల్చేసుండు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అక్క ఏం చేసేదో ఆ ఇంట్లో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు.

"ఒకటి చెప్తాను, విను," అన్నాను. "ఈ పంట పోతే నువ్వు తెచ్చే లీజు కాగితం మీద సంతకం పెడతాను. రెండెకరాలూ లీజుకిచ్చెయ్. పంట నిలబడితే ఇంక ఆ మాట నా ముందర ఎత్తద్దు."

అన్న వదిన వైపు చూశాడు. "వింటివి గదా?"

"వింటిని," అంది వదిన. తరువాత నాతో, "యాల మా ఈ పంతం? సుఖంగా కూచోని నీ పుస్తకాలు సదువుకోరాదా?"

"పుస్తకాలు ఎట్లయినా చదువుతాను వదినా."

వాళ్ళు వెళ్ళాక రెండు పురుగులను తీసి బిస్కెట్ల రేకు డబ్బాలో ఆకుతో వేరుగా పెట్టాను. సున్నకట్టయితే మర్నాటికి గట్టిపడాలి. తరువాత కుర్చీ లాక్కుని కూర్చుని షెడ్డును చూశాను. చదివేటప్పుడు అర్థం కాని పేజీని మళ్ళీ మొదటి నుంచి చదువుతాం కదా, అలా పై నుంచి కిందకు. అప్పుడు ఫ్యాను రెక్కల అంచులు కనిపించాయి. అవీ తెల్లగా ఉన్నాయి. ట్యూబులైటు తెల్లగా ఉంది. గొట్టం బెజ్జాల చుట్టూ తెల్లటి వలయాలున్నాయి. రోగం పురుగుకు వస్తుంది కానీ ట్యూబులైటుకు రాదు.

ఫ్యాను ఆపి రెక్క మీది పొడిని వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. ఏళ్ళ తరబడి నీళ్ళు కాచిన కాగు అడుగున పేరుకునే తెల్లటి గార రుచి. గుమ్మానికి వదిన కట్టిన నిమ్మకాయ ఉంది. తెంపాను, కోశాను, రెక్క మీద పిండాను. పొడి బుసబుసమని నురగకట్టింది. మా బోరు నీళ్ళలో ఉన్న సున్నమే అది. నీళ్ళు కాగితే ఆవిరి మాత్రం పైకి పోతుంది, గార కింద మిగులుతుంది. ఈ మిషన్ నీళ్ళను కాచదు, తునకలు చేస్తుంది. నీళ్ళలో ఉన్నదంతా నీళ్ళతోపాటే గాల్లోకి లేస్తుంది. తేమ ఆరిపోయాక మిగిలింది వచ్చి ఆకు మీద వాలుతుంది. నేను మూడు రోజులుగా పురుగుల మీద మా భూమిలోని సున్నం చల్లుతున్నాను.

మైల కాదు. నా తప్పు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. తప్పయితే దిద్దుకోవచ్చు.

దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాను. తొట్టి ఖాళీ చేసి చూస్తే బిళ్ళల మీద కూడా గార కట్టింది. మా ఇళ్ళల్లో గార కట్టిన ఏ పాత్రకైనా ఒకటే వైద్యం. చింతపండు పట్టించి, కొబ్బరిపీచుతో బూడిద వేసి తోమడం. బిళ్ళలు అద్దాల్లా మెరిసేదాకా తోమాను. స్విచ్చి వేస్తే పదిలో నాలుగు పలకలేదు.

మర్నాడు పొద్దున మేత వేసి ఆ నాలుగు బిళ్ళలూ విప్పి, పైటకొంగులో కట్టుకుని వై.ఎన్.హొసకోట బస్సెక్కాను. ఆరో రోజు. చావింటి మనిషి ఊరు దాటకూడదని డ్రైవరుకు కూడా తెలుసు. నన్ను చూసి ఏదో అనబోయి గేరు మార్చాడు.

హొసకోటలో మోటార్లూ పంపులూ బాగుచేసే అంగట్లో ఆయన బిళ్ళను వెలుతురుకు పట్టి చూశాడు.

"అక్కా, నిజం చెప్పు. దీన్ని చెంబు తోమినట్ల తోమినావా?"

"అవును."

"బూడిదతోనా?"

"చింతపండు, బూడిద."

"ఉప్పు మరిసినట్లుండావు." నవ్వాడు. మళ్ళీ బిళ్ళ నా చేతికిచ్చాడు. "ఈ పక్క గోరుతో తాకు. గీతలు తగుల్తాయి చూడు. పై పూత ఇంత పల్చనక్కా. అది గీసుకుంటే ఇంగ అంతే. పీచొద్దు, కత్తొద్దు, గోరు గూడా వద్దు. నిమ్మరసం పోసి ఒక గడియ నానబెట్టు, మెత్తని గుడ్డతో అద్దు. గారంతా అదే ఊడొస్తాది."

కొత్త బిళ్ళలు ఇచ్చాడు. ఏ పక్క పైకి రావాలో, కింద రబ్బరు వలయం ఎలా కూర్చోవాలో చూపించాడు. "తొట్టిలో నీళ్ళు లేకుండా మాత్రం వెయ్యొద్దు. రెప్పపాటులో కాలిపోతాది," అన్నాడు. వెనక్కి వచ్చే బస్సులో ఆ మాటలన్నీ లోపల అప్పజెప్పుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అన్న షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. రేకు డబ్బా మూత తీసి చూపించాను. రెండు పురుగులూ మెత్తగా, చల్లగా, ఆకు అంచు నుంచి తింటున్నాయి.

"ఒక దినానికేం తెలస్తాది?" అన్నాడు. నిజమే, అంత తొందరగా తేలేది కాదు. కానీ కాల్చమని మళ్ళీ అనలేదు.

ఇప్పుడు మంచి నీళ్ళు కావాలి. పంచాయితీ ఫిల్టర్ ప్లాంటు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చాను. బిళ్ళలు బిగించి, గణుపంత లోతుకు నీళ్ళు పోసి స్విచ్చి వేశాను. ఎర్రలైటు వెలిగింది. ఎర్రలైటంటే నీళ్ళు లేవని. నీళ్ళు నా కళ్ళముందే ఉన్నాయి. మిషన్ మాత్రం లేవంటుంది. ఇంకొంచెం పోశాను. అదే మాట. కొత్త బిళ్ళలు తప్పుగా బిగించానేమోనని విప్పి మళ్ళీ బిగించాను. అదే మాట. తేమ ముల్లు ఎర్రగీత కిందికి దిగుతోంది. ఆకు అంచులు ముడుచుకుంటున్నాయి.

మిషన్‌తో వచ్చిన కాగితం అక్క కిటికీ సందున దోపి ఉంచింది. ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలు. అక్కకు ఇంగ్లీషు రాదు. నన్ను ఎప్పుడూ చదివిపెట్టమని అడగలేదు, నేనూ చదివిపెడతానని అనలేదు. ఆ రోజు నిలబడి చివరిదాకా చదివాను. నీళ్ళున్నాయో లేదో మిషన్ రెండు చిన్న మేకుల మధ్య నీళ్ళలోంచి కరెంటు పారడాన్ని బట్టి తెలుసుకుంటుంది. మరీ శుద్ధమైన నీళ్ళలో కరెంటు పారదు, అప్పుడు నీళ్ళు లేవనుకుని మిషన్ ఆగిపోతుంది. ఏం చేయాలో మాత్రం ఆ కాగితం చెప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క పొద్దునే తలమీద ఫిల్టర్ నీళ్ళ బిందెతో వచ్చేది. తొట్టిలో పోశాక కొళాయి తిప్పి ఒక చెంబు బోరు నీళ్ళు పట్టి అందులో వంపేది. ప్రతి రోజూ ఒక బిందెకు ఒకే చెంబు. నేను చూస్తూనే ఉండేదాన్ని, ఫిల్టర్ నీళ్ళే ఎందుకో ఎప్పుడూ అడగలేదు. తాను తవ్వించిన బోరు గనుక ఏదో మొక్కు అనుకున్నాను. ఒకసారి ఆటపట్టించాను కూడా.

"ఏందక్కా, గంగమ్మకి నైవేద్యమా?"

"అట్లనే అనుకో," అంది, పని ఆపకుండా.

మొక్కు కాదు. అక్షరం ముక్క చదవకుండా, ఎన్ని రోజులు ఎర్రలైటుతో తగువు పడి కనిపెట్టిందో ఆ కొలత. గార పడనంత తక్కువ, మిషన్‌కు నీళ్ళని తెలిసేటంత ఎక్కువ. ఊళ్ళో పుస్తకాలు చదివేది నేను. చదవాల్సినదాన్ని రోజూ ఎదురుగా పెట్టుకుని చదవలేదు.

చెంబు కొళాయి గట్టు మీదే ఉంది, అక్క బోర్లించినట్టే. నీళ్ళు పట్టి వంపాను. పచ్చలైటు వెలిగింది. మంచు లేచింది.

ఆ తరువాత నేను అడుగడుగునా ఎవరో ఒకరి మాట కాదంటూనే వచ్చాను. పదకొండో రోజు కర్మకు పొద్దునే చెరువు దగ్గరికి రావాలన్నారు. పురుగులకు మేత వేశాకే వస్తానన్నాను. పంతులు కూర్చుని ఎదురుచూశాడు. కడుపునిండా తిన్న పురుగుల వాసన నా చీరకు అంటుకునే ఉంది. ఆ వాసనతోనే అక్కకు నీళ్ళు వదిలాను. అక్కకు ఆ వాసన అభ్యంతరం ఉండదు.

నాలుగో జ్వరం నాడు మిషన్ ఆపి కిటికీలు తెరిచాను. లేచాక మళ్ళీ వేశాను. మంచు నేరుగా ఆకు మీద పడి తడవకుండా బెజ్జాలు కప్పు వైపుకు తిప్పాను. రోజు విడిచి రోజు బిళ్ళలను నిమ్మరసంలో నానబెట్టాను. కరెంటు పోయినప్పుడు పాత గోనెపట్టాలు తీసి తడిపి కట్టాను. మూడు వైపులా కనుచూపు మేర కరెంటు పుడుతుంటే మధ్యలో గోనెపట్టాలు పిండుకోవడం నాకు నవ్వులాటగా అనిపించలేదు. మిషన్ వచ్చినంత మాత్రాన గోనెపట్టాను పారెయ్యకూడదని తెలిసింది.

పురుగులు ఆఖరి వారంలో వానలా చప్పుడు చేస్తూ తిన్నాయి. తరువాత ఒక పొద్దున కొన్ని మేత మాని, మెడ కింద పసుపు మెరుపుతో, తల ఊపుతూ తిరిగాయి. అంటే మాగాయి, గూడు కట్టడానికి సిద్ధమయ్యాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి, చంద్రికల మీదికి చేర్చాలి. చంద్రికంటే గూడు కట్టుకోవడానికి వెదురు తడక మీద చుట్టిన అల్లిక. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నేను ఎవరినీ పిలవలేదు. వదిన తనంతట తనే వచ్చింది. గుమ్మంలో పాదాలు ముంచి, చీర దోపి, ఏరడం మొదలుపెట్టింది.

"నా నిమ్మకాయ ఏమాయె?" అంది కాసేపయ్యాక.

"మిషన్‌కి పెట్టినాను వదినా."

"దిష్టి మిషన్‌కి తగిలిందా?"

"దానికే తగిలింది."

వదిన పకపకా నవ్వింది. ఆ షెడ్డులో అక్క పోయాక మొదటి నవ్వు అది.

గూడు కట్టేటప్పుడు తేమ పనికిరాదు. దారం చెడిపోతుంది. మిషన్ ఆపేశాను. తొట్టి వంపి, తుడిచి ఆరబెట్టాను. ఈ యంత్రంతో మెలగడంలో సగం నేర్పు ఎప్పుడు ఆపాలో తెలియడమే.

చంద్రికలకెక్కిన ఐదో రోజున గూళ్ళు అల్లిక నుంచి విప్పడానికి సిద్ధమయ్యాయి. తెల్లగా, గట్టిగా, బొటనవేలితో నొక్కితే లొంగకుండా. అన్న వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం అంచు కనిపిస్తోంది. ఎన్ని రోజులుగా అది ఆ జేబులో ఉందో తెలియదు. మడతలు నలిగిపోయాయి.

మెడ చాచి చంద్రికలను చూశాడు.

"తెల్లగుండాయి," అన్నాడు.

"ఈసారి తెల్లగానే ఉండాల అన్నా."

"నిలబడింది గదా పంట."

"నిలబడింది."

జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. నేను ఆ చేతిని చూశాను, తరువాత ఆయన మొహం చూశాను. నా ముందర ఎత్తద్దన్న మాట ఇద్దరికీ గుర్తుంది. కాగితం బయటికి రాలేదు.

"ఒక్కదానివే ఎన్ని విప్పుతావు?" అన్నాడు చివరికి. "నేనూ ఒక పక్క పట్టేదా?"

"పట్టు. ముందు కాళ్ళు ముంచు."

"మైల పోయింది గదా?"

"మైలకి కాదు. రోగానికి."

చెప్పులు విడిచి, పంచె ఎత్తి, బ్లీచింగ్ నీళ్ళలో ఒక పాదం, తరువాత ఇంకో పాదం ముంచి లోపలికి వచ్చాడు. నేను రెండో చంద్రిక అటు జరిపాను.